లిగమెంట్ ఆపరేషన్ తర్వాత తొడ కండరంతో నా పాట్లు

షటిల్ ఆడుతుంటే కాలు మెలిపడి మోకాల్లో ఎముకల్ని కలిపి పట్టుకునే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. తొడ వెనక నుంచి స్నాయువు తీసి దాని స్థానంలో వేశారు. ఆపరేషన్ సాఫీగానే జరిగింది. అసలు పాట్లు ఆ తర్వాతే.

మర్నాడు ఫిజియో అమ్మాయి మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి, "అన్నా, దీన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించండి" అంది. బిగిస్తున్నాననే అనుకున్నా. చెయ్యి వేసి చూస్తే తొడ పిండిముద్దలా మెత్తగా ఉంది. రెండో కాలు బిగిస్తే మోకాలి చిప్ప చటుక్కున పైకి జరుగుతోంది. నొప్పి కూడా అంతగా లేదు, మరి ఎందుకు రావట్లేదు? నరం ఏదైనా తెగిందేమోనని టెన్షన్ పట్టుకుంది.

నరానికి ఏం కాలేదు. కీలు వాస్తే అక్కడి నుంచి వెన్నుపాముకి వెళ్లే సంకేతాలు తొడ ముందు కండరాన్ని అణిచేస్తాయట. ఏ దెబ్బా లేని మోకాల్లోకి సెలైన్ ఎక్కించినా ఇలాగే పట్టు తగ్గుతుందట. అందుకే ముందు ఐసు పెట్టి, కాలు ఎత్తులో ఉంచి వాపు తగ్గించారు. తర్వాత తొడకి ప్యాడ్లు అంటించి కరెంట్ పెట్టారు. నా ప్రమేయం లేకుండానే కండరం బిగుసుకుని చిప్పని లాగుతుంటే నవ్వొచ్చింది. "చూస్తూ కూర్చోకండి, దాంతోపాటు మీరూ బిగించాలి" అని కసిరింది.

మంచం మీద ఇంకేం పని, చదివాను. నరం నుంచి ఆజ్ఞ రాగానే కండర పోగులో కాల్షియం విడుదలవుతుంది, ఆక్టిన్ అనే ప్రోటీన్ పోచలు మయోసిన్ అనే ఇంకో ప్రోటీన్ పోచల పక్కగా జారతాయి, పోగు పొట్టిదవుతుంది. పోచలు ఇలా జారే సంగతిని 1954లో రెండు బృందాలు విడివిడిగా బయటపెట్టాయి. రెండింట్లోనూ హక్స్‌లీ అనే ఆయన ఉన్నారు, ఇద్దరికీ చుట్టరికం లేదు! అమ్మ మాత్రం ఇవేం పట్టించుకోకుండా మేక కాళ్ల సూపు పెట్టింది. రుచికి తాగాను.

అన్నిటికంటే మెట్లు ఏడిపించాయి. మొదట్లో ఎక్కేటప్పుడు మంచి కాలు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు వెయ్యమన్నారు. కాస్త బలం వచ్చాక దిగేటప్పుడు మంచి కాలే ముందు వెయ్యమన్నారు. అప్పుడు పైమెట్టు మీదున్న ఆపరేషన్ కాలే ఒంటి బరువంతా ఆపుకుంటూ మెల్లగా దించాలి. బిగిసి ఉండగానే కండరం సాగుతుంది. కాలు గడగడ వణికింది. ఆ రాత్రి బాగానే ఉంది, మర్నాడు తొడ పట్టేసింది, ఆ మర్నాడు ఇంకా ఎక్కువైంది. లాక్టిక్ ఆమ్లం అన్నాడు మా తమ్ముడు. అదైతే గంటా రెండు గంటల్లో తగ్గిపోతుంది. ఇది పోగుల్లో పడిన సన్నటి చిరుగుల వల్ల వచ్చే నొప్పి.

మళ్లీ షటిల్ ఆడాలంటే ఆపరేషన్ అయ్యి కనీసం 9 నెలలు నిండాలి, ఈ కాలి బలం రెండో కాలి బలంలో 90 శాతానికి చేరాలి అన్నారు. నెలలు నిండాయి. బలం పరీక్షలో ఇంకా తక్కువే వచ్చింది, చిప్పకి పైన టేపు పెట్టి కొలిస్తే తొడ కూడా ఇంకా సన్నగానే ఉంది. వచ్చే నెల మళ్లీ పరీక్ష.