తాటిమట్ట అనుభవంతో మంచులో దిగితే

మాది నెల్లూరు. చిన్నప్పుడు సెలవులకి మైపాడు పక్కన అమ్మమ్మ వాళ్ళ ఊరికి పోతే, సరుగుడు తోపు దగ్గర ఇసక దిబ్బ మీద నుంచి తాటిమట్ట వేసుకుని జారేవాళ్ళం, అందుకని మంచు మీద జారే స్లెడ్జింగ్ అంటే కూడా అంతేలే, ఇసక బదులు ఐసు అనుకున్నా.

పోయిన జనవరి ఆఖర్లో పిలకాయలిద్దర్నీ తీసుకుని జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మావోడికి 9 ఏళ్ళు, పాపకి 5. రెండు రాత్రుళ్ళు రైల్లో పులిహోర తింటా ఢిల్లీ, ఆడ్నించి రాత్రి బస్సులో మనాలి. మంచులో జారే సోలంగ్ వ్యాలీ ఇంకో 13 కిలోమీటర్లు, దారి పొడుగునా నంబర్లేసిన కొట్లలో ఒళ్ళంతా కప్పే మంచు సూట్లు, బూట్లు అద్దెకిస్తారు. అవి జీన్స్ మీద వద్దు, కాటన్ తడిస్తే ఇంక ఆరదు, లోపల ఉన్ని బట్టలేసి పైన సూటు వేయండి అని మా ఆవిడ ఇంట్లో ఉన్నప్పట్నించి చెప్తానే ఉంది, నేను మాత్రం జీన్స్ మీదే ఎక్కించుకున్నా. సాయంత్రానికి తెలిసొచ్చింది.

స్లెడ్జి అంటే ఏం లేదు, తాడు కట్టిన ప్లాస్టిక్ తొట్టి లాంటిది. ఆ స్లెడ్జి బండాయన ముందు పాప మెళ్ళో మఫ్లర్ చూశాడు. అత్తమ్మ అల్లిందది, రెండు మూరలు వేలాడతా ఉంది. ఏమీ అనకుండా కొసలు రెండూ సూటు లోపలికి దోపి జిప్ పైదాకా లాగాడు. జారేటప్పుడు అది దేనికన్నా తగులుకుంటే గొంతు బిగుసుకుంటది కదా, మాకు తట్టనే లేదు. ఆడ హెల్మెట్లు లేవు. మా ఆవిడ ఊరుకోకుండా స్కీయింగ్ వాళ్ళ దగ్గర రెండు అద్దెకి పట్టుకొచ్చింది.

మావోడు రీల్స్‌లో చూసినట్టు బోర్లా పడుకుని తల ముందు పెట్టి జారబోతే బండాయన 'పైర్ ఆగే, పైర్ ఆగే' అని ఒకటే అరుపులు. కాళ్ళు ముందుకి పెట్టమని. పైకి ఎక్కేటప్పుడు కూడా జారే దారి మధ్యలో కాకుండా పక్కగా నడవమన్నాడు. పైనుంచి వచ్చేవాడికి బ్రేకులుండవు మరి.

ఆ బ్రేకుల సంగతి నాకు మూడున్నరకి అర్థమైంది. ఎండ కొండ వెనక్కి పోగానే పొద్దున కరిగిందంతా మళ్ళీ గడ్డకట్టి గాజులా అయిపోద్ది, ఇది తెలీక చివరిగా ఒక్కసారి అని పాపని ముందు కూర్చోబెట్టుకుని నేనే దిగా. ఇసకలో మడమ దించితే కూరుకుపోయి ఆగిపోతాం, ఆడ మడమ దించితే గర్ర్ మని జారిపోతా ఉంది. కింద ఎవరో ఫ్యామిలీ యాక్ (జడలబర్రె) పక్కన ఫోటోలు దిగతా ఉన్నారు, జరగండి జరగండి అని తెలుగులోనే అరిచా, వాళ్ళు చెయ్యి ఊపారు! ఇంక పాపని గట్టిగా పట్టుకుని పక్కకి దొర్లిపోయా. ఖాళీ తొట్టి మాత్రం పోయి యాక్ కాళ్ళ దగ్గర ఆగింది, అది తల కూడా తిప్పలేదు. నా మోచెయ్యి కమిలింది, పాపకి ఏం కాలేదు. అసలు జారే ముందు చూసుకోవాల్సింది కింద ఆగేదానికి చాలినంత చదును, ఖాళీ ఉందా అని. నేను పైనుంచి వాలు ఒక్కటే చూశా.

ఆ గొడవలో పాప గ్లవుజు ఊడిపోయిందని ఎవరం చూళ్ళేదు. వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి, గిల్లినా తెలీటం లేదంది. నేను గబగబా రుద్దబోతే మా ఆవిడ చెయ్యి లాగేసుకుంది, అట్టా రుద్దితే చర్మం దెబ్బతింటదంట. తన చంకలో పెట్టుకుని కూర్చుంది, కాసేపటికి ఎర్రబడి మంటెత్తి అప్పుడు మొదలెట్టింది పాప ఏడుపు. ఆ ఏడుపు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొచ్చాక అత్తమ్మ మంచు ఎట్టుందే అనడిగితే, 'మన మైపాడు ఇసక లాగే ఉంది అమ్మమ్మా, నోట్లో పడితే నీళ్ళయిపోద్ది' అంది పాప.