శెనక్కాయ పొట్టు పారేయకండి అని మా అవ్వకు చెప్పాను

మా అవ్వ శెనక్కాయ విత్తనాలు వేయించి, అరచేతుల మధ్య నలిపి, చేటలో చెరిగేది. ఎర్రటి పొట్టు ఎగిరి వాకిలంతా పడేది, సాయంత్రం ఊడ్చి దిబ్బలో పోసేవాళ్లం. ఇప్పుడు నేను ల్యాబ్‌లో అదే పొట్టును గ్రాముల లెక్కన తూచి స్టీలు గొట్టంలో నింపుతున్నాను.

ఏం చేస్తున్నావని అడిగితే, ఒత్తిడి పెట్టి సాల్వెంట్‌తో, అంటే కరిగించుకునే ద్రవంతో, నూనె, మంచి పదార్థాలు తీస్తున్నామని చెప్తాను. "గానుగలాగా పిండుతారా?" అని వెంటనే అడుగుతారు. కాదు. ఇక్కడ ఒత్తిడి గింజను పిండడానికి కాదు, సాల్వెంట్ ఆవిరైపోకుండా ఆపడానికి. ఇథనాల్ అనే ఆల్కహాల్ మామూలుగా 78 డిగ్రీలకే మరుగుతుంది, మనకేమో అది 120 డిగ్రీల దగ్గర కూడా ద్రవంగానే కావాలి, ఎందుకంటే వేడెక్కిన కొద్దీ అది పల్చబడి గింజ లోపలికి బాగా దూరుతుంది, కరిగించుకునే శక్తి కూడా పెరుగుతుంది. కుక్కర్‌లో పప్పు తొందరగా ఉడికేది ఎందుకో ఇదీ అందుకే, కాకపోతే మా గొట్టంలో ఒత్తిడి 100 బార్ దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు వంద రెట్లు ఉంటుంది.

పాత పద్ధతి సాక్స్‌లెట్, సాల్వెంట్‌ను మరిగించి చల్లార్చి మళ్లీ మళ్లీ పొడి మీద పోసే గాజు పరికరం. 1879 నాటిది, ఇప్పటికీ చాలా ల్యాబ్‌లలో ఉంటుంది. దాంతో ఆరేడు గంటలు పట్టే పని ఈ మెషీన్‌లో ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, సాల్వెంట్ కూడా చాలా తక్కువ పడుతుంది.

మొదటిసారి మాత్రం నాకు ఏడుపొచ్చినంత పనైంది. గింజల్ని మెత్తగా ఉంటే మంచిదనుకుని మిక్సీలో బాగా తిప్పాను. శెనక్కాయ విత్తనాల్లో దాదాపు సగం నూనే కదా, పొడి కావాల్సింది ముద్దయింది, గొట్టం పూడుకుపోయి సాల్వెంట్ కదల్లేదు. ఆ రోజంతా టెన్షనే. ఇప్పుడు గింజల్ని ఆపి ఆపి కొంచెంగా తిప్పి, డయాటమేషియస్ ఎర్త్ అనే తెల్లటి మట్టిపొడి కలిపి నింపుతాను, అప్పుడు సాల్వెంట్‌కు దారి దొరుకుతుంది.

అసలు ముఖ్యమైన సంగతి వరుస. ముందు హెక్సేన్ అనే పెట్రోలియం సాల్వెంట్ పంపితే నూనె వస్తుంది, దాంతోపాటు విటమిన్ ఇ, స్టెరాల్స్ వస్తాయి. పొట్టుకు వగరు ఇచ్చే ప్రోసయనిడిన్లను హెక్సేన్ దాదాపుగా ముట్టుకోదు. వాటికి నీళ్లు కలిపిన ఇథనాల్ కావాలి. గానుగ నూనెలో గింజలోని మంచంతా వచ్చేస్తుందని నమ్మేవాళ్లకు నేను ఇదే చెప్తాను: వాసన, రుచి, విటమిన్ ఇ వస్తాయి, గానుగ నూనె నాకూ ఇష్టమే, కానీ ఈ వగరు పదార్థాలు నూనెలో కరగవు, చాలావరకు చెక్కలోనే ఉండిపోతాయి. కార్బన్ డయాక్సైడ్‌ను 31 డిగ్రీలు, 74 బార్ దాటించి వాడే పద్ధతి కూడా ఉంది, నూనెకు అది చాలా శుభ్రమైనది, చివర్లో వాయువు వెళ్లిపోతుంది, ఏమీ మిగలదు. పొట్టుకు మాత్రం దానికీ కొంత ఇథనాల్ తోడు కావాల్సిందే.

వేడి పెంచితే ఇంకా ఎక్కువ వస్తుంది కదా అనిపిస్తుంది. నేనూ 160 దాకా వెళ్లాను. రసం ముదురు గోధుమ రంగులో వచ్చింది, ఫీనాల్స్‌ను (ప్రోసయనిడిన్లు ఈ జాతివే) మొత్తంగా కొలిచే ఫోలిన్ టెస్ట్‌లో అంకె అమాంతం పెరిగింది, రెండు రోజులు సంబరపడ్డాను. తర్వాత ఒక్కో పదార్థాన్నీ విడిగా కొలిస్తే ప్రోసయనిడిన్లు తగ్గాయి. అంత వేడికి చక్కెరలు, ప్రోటీన్లు కలిసి మాడిన రంగు అది, ఫోలిన్ టెస్ట్ దాన్నీ ఫీనాల్ లెక్కలోకే వేసుకుంటుంది. అందుకే ఆ ఒక్క అంకె చూపించి ఎవరైనా గొప్పగా చెప్తే నేను ఉష్ణోగ్రత ఎంత అని ముందు అడుగుతాను.

వంట నూనె కోసం ఈ మెషీన్ పెట్టడంలో అర్థం లేదు, ఖర్చు ఎక్కువ. పొట్టు సంగతి వేరు, అది ఊరికే పోతోంది.

పోయినసారి ఊరికి వెళ్లినప్పుడు అవ్వనడిగి ఒక సంచి పొట్టు తెచ్చుకున్నాను. అది వేయించిన గింజలది. పచ్చి గింజల పొట్టుతో పోలిస్తే అందులో ప్రోసయనిడిన్లు ఎంత మిగిలాయో ఈ వారం కొలుస్తున్నాను, సోమవారం మొదటి గొట్టం నింపాలి.