కొత్త ఇంజన్, సరిపడని ప్రొపెల్లర్: మా మొదటి పది గంటలు

మాది ముత్తుకూరు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. మొన్న వేట నిషేధంలో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు, పాత ఇంజన్ తీసేసి 9.9 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజన్ (బోటు వెనక బయట బిగించేది) కొన్నాం. అప్పు చేసి కొన్నది. అందుకే దాంతో ఇచ్చిన పుస్తకం మొత్తం చదివాకే నీళ్లలోకి దించుదామని పట్టుబట్టాను.

జూన్ 15 తెల్లారేసరికి బోట్లన్నీ వేటకి వెళ్లిపోయాయి, మేం మాత్రం కండలేరు ఏట్లో ఉన్నాం. "ఊరంతా వేటకి పోయింది, మనం ఏట్లో తిరగతా ఉండాం, ఏందిరా ఇది" అన్నాడు నాయన. రెండు నెలలుగా రాబడి లేదు, ఆయన మాటలో తప్పు లేదు. కానీ కొత్త ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి ఒరుసుకుని కుదురుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ లోపే వలలు, ఐసు, నలుగురు మనుషుల బరువుతో ఫుల్ రేజ్ మీద గంటలు గంటలు లాగితే వేడెక్కి సిలిండర్‌లో గీతలు పడొచ్చు. అలాగని భయపడి ఐడిల్‌లోనే వదిలేసినా మంచిది కాదు, రింగులు సరిగ్గా కూర్చోక తర్వాత ఇంజన్ ఆయిల్ తాగుతుంది. పని చెప్పాలి, మరీ ఎక్కువ చెప్పకూడదు, ఒకే స్పీడులో ఎక్కువసేపు ఉంచకూడదు.

మా పుస్తకం ప్రకారం మొదటి గంట 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) లేదా సగం రేజ్, రెండో గంట 3,000 లేదా ముప్పావు రేజ్, తర్వాతి ఎనిమిది గంటలు ఏ రేజ్ అయినా ఫర్వాలేదు కానీ ఫుల్ మీద ఒక్కసారికి ఐదు నిమిషాలు దాటకూడదు. మీ ఇంజన్‌కి వేరేలా ఉండొచ్చు, దాని పుస్తకమే చూడండి. చిన్న ఇంజన్‌కి మీటర్ ఉండదు కాబట్టి ప్లగ్ వైరుకి చుట్టే చిన్న ఆర్‌పీఎం మీటర్ ఒకటి కొన్నాను. మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన మంచి ఖర్చు అదే.

మూడో గంటలో, బోటులో వలలతో పాటు ఐసు బదులు ఇసుక బస్తాలు వేసి, ఒక్క నిమిషం ఫుల్ ఇచ్చి చూశాం. మీటర్ 4,700 దగ్గర ఆగిపోయింది. పుస్తకంలో ఫుల్ మీద 5,000 నుంచి 6,000 మధ్య తిరగాలని ఉంది. శబ్దం కూడా బరువు మోస్తున్న ఎద్దు మూలిగినట్టు ఉంది. నాకు టెన్షన్ పట్టుకుంది, ఇంజన్‌లోనే లోపమేమో అని.

లోపం ప్రొపెల్లర్‌ది, అంటే ఇంజన్ కింద నీళ్లలో తిరిగి బోటుని తోసే రెక్కలది. షాపులో బిగించి ఇచ్చింది 9¼ అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పిచ్. పిచ్ అంటే నీళ్లలో జారకుండా ఉంటే ఒక్క చుట్టుకి బోటు ఎంత ముందుకు పోతుందో ఆ కొలత. ఎక్కువ పిచ్ తేలిక బోటుకి స్పీడు ఇస్తుంది. మా 28 అడుగుల ఫైబర్ బోటు బరువుతో వెళ్లేది, దానికి పైగేరులో ఎత్తెక్కించినట్టే అవుతుంది. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందని లెక్క. 8 పిచ్‌ది తెచ్చాం. మార్చేముందు ఇంజన్ స్టార్ట్ కాకుండా కీ లాన్యార్డ్ (ఇంజన్ ఆపే తాడు) తీసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, రెక్కకి చెక్క అడ్డం పెట్టి నట్టు విప్పాం, షాఫ్టుకి గ్రీజు రాసి కొత్త పిన్ను వేశాం. అదే బరువుతో మీటర్ 5,100 చూపించింది, ఖాళీగా 5,600. నాయన మొహం అప్పుడు తేటపడింది.

స్టీల్‌ది తీసుకోమని ఒకరిద్దరు చెప్పారు. నేను అల్యూమినియమే తీసుకున్నాను. ఏటి మొగలో ఇసుక మేట తగిలితే అల్యూమినియం రెక్క వంగుతుంది, స్టీల్ అయితే రెక్క నిలిచి ఆ దెబ్బ గేరుబాక్సుకి పోతుంది. రెక్క పోతే మరొకటి కొనుక్కోవచ్చు.

పది గంటలు మూడు రోజుల్లో అయ్యాయి. నాలుగో రోజు వేటకి వెళ్లాం. 20 గంటలు కాగానే ఇంజన్ ఆయిల్, గేరు ఆయిల్ రెండూ మార్చాం. గేరు ఆయిల్‌లో సన్నటి వెండి మెరుపు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, కొత్త పళ్లు ఒరుసుకున్న పొడి అది. పాలలా తెల్లగా ఉంటే మాత్రం నీళ్లు చేరినట్టే. తెగిన వల దారం షాఫ్టుకి చుట్టుకుని, నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీలుని కోసేస్తుంది, అందుకే ఇప్పుడు పది రోజులకోసారి ప్రొపెల్లర్ విప్పి దారం ఉందేమో చూస్తున్నాం.

పక్క బోటు మామ మా ప్రొపెల్లర్ సైజు అడిగాడు. ఆయన బోటు మాకన్నా నాలుగు అడుగులు చిన్నది, అందుకే సైజు చెప్పకుండా మీటర్ ఇచ్చి పంపాను.