గుండెదడ భయం, ఆల్ప్రజోలామ్: నా అనుభవం

గుండె కాస్త వేగంగా కొట్టుకుంటే చాలు, ప్రాణం పోతుందేమోనని హడలిపోయేదాన్ని. కొద్దిరోజులకని డాక్టర్ రాసిచ్చిన ఆల్ప్రజోలామ్ అనే మాత్ర ఆ భయాన్ని ఇట్టే అణిచేసేది. కొద్దిరోజులు కాస్తా ఏళ్లయ్యాయి. బ్యాగులో స్ట్రిప్ లేకపోతే గడప దాటడం కూడా మానేశాను.

డీఅడిక్షన్ కేంద్రంలో సైకాలజిస్టు మొదట నా చేత సర్ప్స్ అనే ప్రశ్నావళి నింపించారు. 23 వాక్యాలు. ఒక్కోదానితో మనం ఎంతవరకు ఏకీభవిస్తామో గుర్తు పెట్టాలి. నిస్పృహ, ఒంట్లో ఏ చిన్న మార్పు వచ్చినా బెదిరిపోవడం, దుడుకుతనం, థ్రిల్ కోసం వెంపర్లాట: అది కొలిచేది ఈ నాలుగింటినే. రెండోదాంట్లో నా స్కోరు చాలా ఎక్కువ వచ్చింది, థ్రిల్ అయితే అడుగున ఉంది. నాలాంటివాళ్లు మనసును నెమ్మదింపజేసే మాత్రల వైపు, మద్యం వైపు మొగ్గడం సహజమని ఆవిడ చెప్పారు. స్వభావం ఒక్కటే కారణం కాదట. వంశపారంపర్యం, చుట్టూ ఉన్న పరిస్థితులు, మందు ఎంత సులువుగా దొరుకుతుందన్నదీ లెక్కలోకి వస్తాయి. అయినా ఆ కాగితం చూశాక నాకెంతో ఊరట కలిగింది. 'విల్‌పవర్ లేదు' అని అందరూ అన్నారే గానీ, ఆ మాట నాకు ఏ దారీ చూపించలేదు.

ఆల్ప్రజోలామ్ ప్రభావం త్వరగా దిగిపోతుంది. అందుకని దాని బదులు ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డయాజెపామ్ ఇచ్చి, డోసు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. దయచేసి ఎవరూ సొంతంగా ఆపేయకండి.

అసలు కష్టం వ్యాయామాల దగ్గర. నేను భయపడే ఆ దడనే కావాలని తెప్పించి, దానికి బెదరకుండా అలవాటు చేసేవి అవి. ఈసీజీ తీసి, గుండె బాగానే ఉందని తేల్చుకున్నాకే మొదలుపెట్టారు. తిరిగే కుర్చీలో గిరగిరా తిప్పేవారు. ముక్కు మూసుకుని, సన్నటి స్ట్రాతో ఊపిరి పీల్చమనేవారు. ఉన్నచోటే పరుగెత్తించేవారు. చెమటలు, కాళ్లలో వణుకు.

"భయం పదికి ఎంత?"

"తొమ్మిది."

"కూర్చోకండి, నీళ్లు తాగకండి. అలాగే ఉండండి."

కాసేపటికి దడ దానంతటదే తగ్గింది. మాత్ర లేకుండా తగ్గడం నేను చూసింది అదే మొదలు. గ్రూపులో ఒక దుడుకు కుర్రాడికి మాత్రం ఇవేవీ లేవు. చెయ్యి ముందుకు వెళ్లేలోపు ఆగి ఆలోచించడం అతనికి నేర్పించారు. అందరికీ ఒకే కౌన్సెలింగ్ చేసి ఉంటే మా ఇద్దరిలో ఒకరికి అది పనికొచ్చేది కాదు.

ఇప్పుడు మాత్రలు పూర్తిగా ఆగాయి. నిద్ర ఇంకా కుదురుకోలేదు. గుండెదడకు భయపడి ఎప్పుడో మానేసిన కాఫీని మళ్లీ మొదలుపెట్టమన్నారు, అది దడ పుట్టిస్తుంది కాబట్టే. ప్రస్తుతం పొద్దున సగం కప్పు తాగుతున్నాను.