ముద్ద నిలవదు, నిలిస్తే చేప పడదు

నాలుగో ఆదివారం కూడా అదే కథ. నీళ్ల మీద తేలే బెండు మునిగింది, గాలం కట్టె లేపితే గాలం వట్టిదే. రవ్వ చేప (రోహు) కోసం కట్టిన పిండి ముద్ద ఆరేడు నిమిషాలకు మించి గాలాన్ని పట్టుకుని ఉండటం లేదు. ఈసారి గడియారం, తూకం, పాత కాగితం దగ్గర పెట్టుకుని లెక్క రాయడంతో కారణం సగం దొరికింది. మిగతా సగం ఇంకా సతాయిస్తూనే ఉంది.

చెరువు హన్మకొండ నుంచి పరకాల పోయే దారిలో ఉంది. చేపల సొసైటీ వాళ్లను అడిగి, మత్తడికి దూరంగా తుమ్మ చెట్టు కింద కూర్చునే చోటు. నీళ్లు 6 అడుగులు, బెండు కింద దారం 4 అడుగులు. దారం మందం 0.30 మిల్లీమీటర్లు, గాలం మస్టాడ్ కంపెనీది, 6వ నంబరు. ముల్లు పదును విషయంలో దానికి వంక పెట్టలేం. డజన్ల లెక్కన అమ్మే పేరు లేని గాలాలు మాత్రం కిలో చేప తగిలితేనే నిటారుగా సాగుతున్నాయి, వాటి మీద పైసా పెట్టొద్దు.

మొదటి ముద్ద: గోధుమ పిండి 100 గ్రాములు, పల్లి చెక్క (నూనె తీయగా మిగిలిన పిప్పి) పొడి 100, తవుడు 50, నీళ్లు 110 మిల్లీలీటర్లు. వాసన అదిరింది. చెరువు నీళ్లు పోసిన గాజు సీసాలో వేసి చూస్తే 9 నిమిషాలకే విడిపోయింది. 10 సార్లు విసిరితే 3 సార్లు గాలిలోనే ఊడింది. తప్పు పిండిలోనే ఉంది. బంక ఉండేది గోధుమలోనే. పల్లి చెక్కకు, తవుడుకు బంక లేదు, పైగా వాటి గరుకు పలుకులు, చెక్కలో మిగిలిన నూనె కలిసి ఉన్న బంకను కూడా తెంపుతాయి. సర్వప్ప (బియ్యప్పిండి రొట్టె) పిండి చేతికి ఎంత ముద్దగా అనిపించినా నీళ్లలో వేస్తే ఏమవుతుందో ఇదీ అంతే.

రెండో ముద్ద: తవుడు తీసేసి మైదా 50 గ్రాములు, చెక్క పొడిని బట్టలో జల్లించి 60 గ్రాములే, గోధుమ పిండి 140. పది నిమిషాలు పిసికి, తడి బట్ట కప్పి అరగంట పక్కన పెట్టాలి. ఈ అరగంట ఎగ్గొడితే బంక సాగదు. సీసాలో 24 నిమిషాలు నిలిచింది. ఇక తిరుగు లేదనుకుంటే చెరువులో మళ్లీ 6 నిమిషాలే! 12 సార్లు వేసి చూస్తే అతి తక్కువ 3, అతి ఎక్కువ 7.

సీసాలో 24, చెరువులో 6. నీళ్లు అవే, ముద్ద అదే. తేడా ఎక్కడుందో పట్టడానికి గాలం లేకుండా రెండు దారాలకు 14 మిల్లీమీటర్ల ముద్దలు రెండు కట్టి దింపడమైంది. ఒకదానికి దోమతెర ముక్క చుట్టి, ఒకటి ఉత్తగా. 15 నిమిషాల తర్వాత తెరలోది కొంచెం ఉబ్బి 16 మిల్లీమీటర్లయింది, మెత్తబడింది, కానీ మొత్తం ఉంది. ఉత్తగా దింపినదాని దారం రెండో నిమిషం నుంచే వణికింది, తీసి చూస్తే ముడి మాత్రమే మిగిలింది. కరగడం కాదు, కొరకడం. పరకలనే చిన్న చేపలు, జిలేబీ చేపలు (తిలాపియా). పరకాల దారి చెరువులో పరకలకు కొదవా!

ఇంకో మాట, ఇది ఒప్పుకోక తప్పదు: ప్రతి పొద్దున రెండు కిలోల తవుడు, చెక్క పొడి ఒకే చోట చల్లి ఆ పరకలను పిలిచింది మన చేతులే. బెండు టకటక వణికి ఆగిపోతుంటే అవి. రవ్వ అట్లా చేయదు, బెండును ఏటవాలుగా లాక్కుని పోతుంది.

దూది కలపమనే సలహా పాతదే. ముద్దకు చిటికెడు పీచు పెడితే విసిరినప్పుడు ఊడదు, నిజమే. కానీ ముల్లు దూదిలోనే ఇరుక్కుని రెండు మంచి లాగుళ్లు పోయాయి. వద్దు.

మూడో ముద్ద ఉడికించినది. అదే పిండిని 14 మిల్లీమీటర్ల ఉండలు చేసి, మరిగే నీళ్లలో 2 నిమిషాలు, నీడలో గంట ఆరబెట్టడం. బుల్లి కుడుముల్లా వచ్చాయి. 40 నిమిషాలు నిలిచింది, పరకలు కొట్టినా గీతలే పడ్డాయి. అప్పుడు మొదలైంది అసలు తలనొప్పి. బెండు నాలుగు సార్లు పూర్తిగా మునిగింది, నాలుగు సార్లూ చేప పడలేదు, ఉండ మాత్రం గాలానికి చెక్కుచెదరకుండా వచ్చింది. గాలం వంపు వెడల్పు 8 మిల్లీమీటర్ల లోపే. గట్టి ఉండ ఆ సందు మొత్తం నింపేస్తే ముల్లు పెదవిలో దిగడానికి చోటేది? ముల్లు 2 మిల్లీమీటర్లు బయటికి వదిలితే ఉండ తిరిగిపోయి మళ్లీ కప్పేసింది. 4వ నంబరు పెద్ద గాలం (నంబరు తగ్గితే గాలం పెద్దది) వేస్తే రవ్వ ముద్దను నోట్లోకి పీల్చి, బరువు తగలగానే ఊసేస్తున్నట్టుంది. ఇది అంచనానే.

మిగిలింది వెంట్రుక కట్టు: ఉండను గాలానికి గుచ్చకుండా, గాలం వంపు దగ్గర వేలాడే సన్న దారానికి గుచ్చి, చివర చీపురు పుల్ల ముక్క అడ్డం పెట్టడం. ముల్లు మొత్తం ఖాళీగా ఉంటుంది. 15 మిల్లీమీటర్ల దారంతో 10 సార్లు విసిరితే 4 సార్లు అది గాలానికే చుట్టుకుంది. దారం పొడుగెక్కువ, పైగా గాలం కాడ మీద ఎటుపడితే అటు తిరుగుతోంది. కరెంటు వైరు తొడుగు 3 మిల్లీమీటర్ల ముక్క కాడకు ఎక్కించి దారాన్ని వంపు ఎదురుగా బిగించాలి, ఉండకూ వంపుకూ మధ్య దారం 8 మిల్లీమీటర్లకు తగ్గించాలి.

మధ్యలో ఎర్రలకు రెండు మార్పు చేపలు, మొదటి ముద్దకే 1.2 కిలోల రవ్వ ఒకటి పడ్డాయి.

వచ్చే ఆదివారానికి పిండి బంద్. మక్కలు (మొక్కజొన్న గింజలు) ఒక రోజంతా నానబెట్టి గంట ఉడికించి అవే చల్లడం, రెండు గింజలు వెంట్రుక కట్టుకు గుచ్చడం. పరక నోటికి మక్క గింజ పట్టదు. జిలేబీ సంగతి వేరు, అది దేన్నీ వదలదు. ఎండాకాలం నీళ్లు తూము దాకా దిగితే తామరాకుల అంచున కొర్రమట్టకు రబ్బరు కప్ప వేయాలని ఉంది, దానికి 0.30 దారం సరిపోదు, అల్లిక దారం కొనాలి.