ఎంతైనా లాగుతుందట

పదకొండున్నర అయింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. తెల్లారి ఐదింటికి కాశీనగర్ పెళ్ళికి రెండొందల కుర్చీలు ఎక్కించాలి, నేనూ పడుకోవాల్సిందే. కానీ మధ్యాహ్నం షోరూంలో విన్న ఒక్క మాట చెవిలోంచి పోవడం లేదు. రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

మాది షామియానా, కుర్చీలు, జనరేటర్ అద్దెకిచ్చే పని. దానికి కొత్త బండి కొనాలి. దసరా ముందు నుంచీ అన్నాల దగ్గర ఇదే పంచాయితీ. మా ఆయనకి బరువు లాగే బండి కావాలి. వెనక కమాన్ పట్టీలు గట్టిగా ఉండాలి, డెక్కు పొడుగ్గా ఉండాలి, పైన షామియానా సామానేసుకుని వెనక జనరేటర్ ట్రాలీ తగిలించుకుని పోవాలి. నాలుగు చక్రాలూ తిరగక్కర్లేదు, రెండు చాలు అంటారు. మరిదికేమో కొండెక్కే బండి కావాలి. ఫోర్ వీల్ డ్రైవ్, డబుల్ క్యాబిన్. నెల రోజులుగా రాత్రిళ్ళు వీడియోలు చూసి పొద్దున్నే నాకు చెప్తాడు. టయోటా హైలక్స్ 700 మిల్లీమీటర్ల లోతు నీళ్ళలో దిగుతుందట, ఆటోమేటిక్ గేర్ల దానికి 500 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రం తిప్పే బలం, ఉందట. ఆ ఒక్క బండి డబ్బుతో మనకి రెండు బళ్ళొస్తాయి బాబూ అంటే, "సూడ్డానికి డబ్బులేటి వదినా" అంటాడు. చివరికి వాదం రెండింటి దగ్గర ఆగింది. రెండు టన్నులు మోసే టాటా యోధా 2.0 ఒకటి, టన్ను దాకా మోసే ఫోర్ వీల్ డ్రైవ్ మహీంద్రా బొలెరో క్యాంపర్ ఇంకొకటి.

ఇవాళ ముగ్గురం కలిసి షోరూంకి వెళ్ళాం. ఏ ఊళ్ళోదో, ఏ కంపెనీదో రాయను. ఫోన్లో మా ట్రాలీ ఫొటో చూపించి నేనే అడిగాను, "ఇది తగిలించుకుని గుమ్మా కొండ రోడ్డు ఎక్కాలి. ఈ బండి ఎంత బరువు లాగుతుంది?" అని. అడిగింది నేను. అతను మా ఆయన వైపు తిరిగి, "ఎంతైనా లాగుతుంది సార్" అన్నాడు.

ఎంతైనా అంటే ఎంత బాబూ అన్నాను. నవ్వాడు. కాగితం తీసి మోసే బరువు చూపించాడు. మోయడం వేరు, లాగడం వేరు కదా అన్నాను. దానికీ మా ఆయనకే జవాబు చెప్పాడు: "సార్, మన బళ్ళకి ఓవర్‌లోడ్ మామూలే." ఆ తర్వాత నా వైపు తిరిగి, "మేడం, మీరు కలర్ చూడండి" అన్నాడు.

వచ్చేటప్పుడు నేనేం మాట్లాడలేదు. మరిది అది గమనించి, ఊరడిస్తున్నాననే అనుకుని అన్నాడు, "లెక్కలు నువ్వు సూసుకో వదినా, బండి సంగతి మేం సూసుకుంటాం" అని. షోరూం అబ్బాయి ఎవరో పరాయివాడు. ఈ మాట మాత్రం గుచ్చుకుంది. మా ఆయన స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నారు. ఒక్క మాట, "తను అడిగింది సరిగ్గానే అడిగింది కదరా" అని ఒక్క మాట అనుంటే నేనీ వేళప్పుడు ఇలా కూర్చునేదాన్ని కాదు.

లెక్కల్లో ఉండేది బండి కాక మరేంటి? ఇప్పుడున్న బండికి రెండేళ్ళలో రెండుసార్లు క్లచ్చు ప్లేట్లు మారాయి. రెండూ డిసెంబరు సీజన్ అయిన వెంటనే, అంటే కొండ ఊళ్ళ క్రిస్మస్ సభలకి జనరేటర్ లాక్కెళ్ళి వచ్చాకే. ఖాతాలో తేదీలున్నాయి. బరువుతో ఎత్తు మీద ఆగి, సగం క్లచ్చు నొక్కి మళ్ళీ కదిలితే ప్లేటు కాలుతుంది. ఆ వాసన మోసుకొచ్చిన షామియానా గుడ్డల్ని ఉతికించేది నేనే.

ఇంటికొచ్చి ఖాతా పుస్తకం ముందేసుకున్నాను. ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా 118 ట్రిప్పులు. అందులో 83 మైదానంలోవే. పాతపట్నం, మెళియాపుట్టి, టెక్కలి, కాశీనగర్, మన ఊరి వీధులు. మిగిలిన 35 కొండ మీదవి. వాటిలోనూ తారు రోడ్డు అయిపోయాక ఇంకా లోపలికి వెళ్ళినవి 11. పదకొండు ట్రిప్పుల కోసం నూటపద్దెనిమిదిట్లోనూ తక్కువ సామానేసుకుని తిరగడమా? ఒక పెళ్ళికి ఒక ట్రిప్పులో పోయే సామాను రెండు ట్రిప్పులవుతుంది. డీజిలు రెండింతలు, కుర్రాళ్ళ బేటా రెండింతలు. కాబట్టి లాగే బండే తీసుకోవాలని, రేపు ఇద్దరి ముందూ పుస్తకం తెరిచి పెట్టాలని తొమ్మిదింటికి గట్టిగా అనుకున్నాను.

తొమ్మిదిన్నరకి తమ్ముడు డాలస్ నుంచి ఫోన్ చేశాడు. వాడికి బళ్ళంటే చిన్నప్పట్నుంచీ ప్రాణం. నా గోలంతా విని, "అక్కా, ఇక్కడ ఒకే బండిని రెండు రకాలుగా అమ్ముతారు" అన్నాడు. ఫోర్డ్ ఎఫ్-150 అని ఉందట. లాగడానికని ప్రత్యేకంగా సామగ్రి వేయించుకున్నది 13,500 పౌన్ల దాకా లాగుతుంది, అంటే ఆరు టన్నులు దాటి. అందులోనే రాప్టర్ అని ఎడారుల్లో, గుట్టల్లో దూకించడానికి చేసింది ఉంది. అది లాగేది 8,200 పౌన్లే, మూడు టన్నుల ఏడొందల కిలోలు. నన్ను ఆశ్చర్యపరిచింది ఏంటంటే రాప్టర్ ఇంజనుకే బలం ఎక్కువ. మామూలు దాంట్లో ఇదే 3.5 లీటర్ల ఇంజనుకి 400 గుర్రాల శక్తి అయితే దీంట్లో 450. అయినా లాగేది తక్కువ. గుంటల్లో చక్రం బాగా కిందికీ పైకీ ఆడాలని స్ప్రింగులు మెత్తగా, పొడుగ్గా పెడతారు. ట్రాలీ కొక్కెం బరువు ఆ మెత్తటి స్ప్రింగుల మీద పడితే వెనక కుంగుతుంది, ముందు తేలుతుంది, స్టీరింగ్ మాట వినదు. బలం ఇంజనులో ఉంటే చాలదు, నడుములో ఉండాలి అన్నాడు.

నేను అడిగిన ప్రశ్న తప్పు కాదని విన్నాక కాస్త ఊరట కలిగింది. అక్కడ ఆ అంకె రాసిచ్చి మరీ అమ్ముతారట.

వాడే ఇంకో మాట చెప్పాడు. ట్రాలీ మొత్తం బరువులో సుమారు పదోవంతు ముందు కొక్కెం మీద పడాలట. అంతకంటే బాగా తక్కువైతే వేగంలో ట్రాలీ తోక ఊపుతుందట. పోయిన ఏడాది పాతపట్నం రోడ్డులో మన ట్రాలీ అలాగే ఊగి ఎదురుగా వచ్చే ఆటోని తగిలినంత పని చేసింది. అందరూ డ్రైవర్ని తిట్టారు, నేనూ తిట్టాను. కొత్త జనరేటర్ని తలుపులు తెరుచుకోవడానికి వీలుగా ఉంటుందని ట్రాలీ వెనక భాగంలో బిగించాం కదా. కారణం అదేనేమో. పొద్దున్న ఆ డ్రైవర్ కనిపిస్తే చెప్పాలి.

ఫోన్ పెట్టేశాక పడుకున్నాను. కళ్ళు మూసుకుంటే మావయ్య, అంటే మా ఆయన నాన్న, నడిపిన జీపు గుర్తొచ్చింది.

2018 అక్టోబరు 11. తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజాము. ముందు రోజే నవరాత్రులు మొదలయ్యాయి. దుర్గ పూజ బుకింగులన్నీ నిండిపోయి, సగం పందిళ్ళు కట్టేసి ఉన్నాం. పొద్దున లేచి చూస్తే వెదుళ్ళు ఒక వీధిలో, గుడ్డలు మరో వీధిలో. ఆ గుడ్డలకి నేను ఏడవలేదని మావయ్య తర్వాత చాలామందికి చెప్పుకునేవారు. గజపతి జిల్లా బరఘరలో కొండ విరిగి మనుషుల మీద పడిందని తెలిశాక గుడ్డల గురించి ఎలా ఏడుస్తాను.

కరెంటు లేదు. ఎన్నాళ్ళకి వస్తుందో తెలీదు. నాలుగో రోజో ఐదో రోజో గుమ్మా వైపు నుంచి ఒక పెద్దాయన నడిచి వచ్చాడు. సవర గిరిజనుల ఊరు, మన దగ్గర సామాను అద్దెకి తీసుకునే పాత గిరాకీ. వాళ్ళ ఊరి బడిలో చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ జనం తలదాచుకున్నారు. బోరు ఉంది, మోటారు ఉంది, కరెంటు లేదు. పిల్లలు వాగు నీళ్ళు తాగుతున్నారు. జనరేటర్ కావాలి అన్నాడు. అద్దె ఎంత అని అతనే అడిగాడు. మావయ్య ఆ మాట వినిపించుకోలేదు, జీపు బానెట్టు ఎత్తి ఆయిలు చూసుకుంటున్నారు.

అప్పటి జనరేటర్ చిన్నది. అయినా ఆ రోడ్డు మీద అది చిన్నది కాదు. మావయ్య జీపుకి ట్రాలీ తగిలించి, గొలుసూ రంపాలూ వేసుకుని, నలుగురు కుర్రాళ్ళతో పొద్దున్న ఏడింటికి బయల్దేరారు. నేనూ ఎక్కాను. అన్నం మూటలు నా ఒళ్ళో ఉన్నాయి, దిగమని ఎవరూ అనలేదు. దారి పొడుగునా జీడిమామిడి చెట్లు, మద్ది చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. కోసేవి కోశారు, కోయలేనివాటికి గొలుసు కట్టి జీపుతో లాగారు. ట్రాలీ విప్పడం, చెట్టు లాగడం, మళ్ళీ ట్రాలీ తగిలించడం. ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు. ఎత్తు వచ్చిన చోట మావయ్య చిన్న గేరు పుల్ల వేసేవారు. మామూలు గేర్ల పుల్ల పక్కనే ఉండే రెండో పుల్ల అది, వేస్తే వేగం తగ్గి లాగే పట్టు పెరుగుతుంది. నాలుగు చక్రాలూ పట్టుకుని, మనిషి నడక కంటే మెల్లగా, అదే పనిగా గురగురమంటూ ఎక్కేది. కుర్రాళ్ళు పక్కన నడుస్తూ, ఆగిన చోటల్లా ట్రాలీ చక్రాల కింద రాళ్ళు పెట్టేవారు.

ఎక్కడం కాదు నాకు గుర్తున్నది, దిగడం. ఆ ఊరికి ముందు పెద్ద పల్లం ఉంది. ట్రాలీకి బ్రేకులుండవు. పల్లంలో వెనక నుంచి అదే జీపుని తోస్తుంది. మావయ్య మమ్మల్నందర్నీ దింపేశారు. చిన్న గేరులోనే మొదటి గేరు వేసి, బ్రేకు మీంచి కాలు తీసేసి, ఇంజను పట్టు మీదే దించారు. బ్రేకు నొక్కితే చక్రం బిగుసుకుని, ట్రాలీ పక్కకి తిరిగి జీపుని కూడా లాక్కుపోతుందని తర్వాత చెప్పారు. ఆయన ముఖం మాత్రం చూడలేకపోయాను. వెనక నుంచి తలపాగా ఒక్కటే కనిపించింది. కిందికి చేరాక దిగి నీళ్ళు అడిగారు. చేతులు వణుకుతున్నాయి.

సాయంత్రం బోరు నీళ్ళు పడ్డాయి. పిల్లలు బిందెలతో ఎలా వచ్చారో అది ఇంకెప్పుడైనా రాస్తాను.

ఇప్పుడు చెప్పండి, అది లాగే బండా, కొండెక్కే బండా? ఇంతసేపు ఇవి రెండూ వేరు వేరు అనుకుని లెక్క వేశాను. మైదానంలో వేరే. కొండ మీద బరువు లాగాలంటే చిన్న గేరు ఉండాలి. క్లచ్చు కాలకుండా ఎక్కడానికీ అదే, బ్రేకు లేని ట్రాలీతో దిగడానికీ అదే. పైగా ఆ ట్రిప్పు ఖాతాలో లేదు. అద్దె తీసుకోలేదు కాబట్టి నేను రాయలేదు. 118 అంటూ లెక్కేసిన పుస్తకంలో మా ఇంటి బండి చేసిన పెద్ద పనే లేదు.

అయితే మరిది మాటే నెగ్గిందా అంటే అదీ కాదు. అప్పుడు తడి మట్టి రోడ్డు కాబట్టి సరిపోయింది. ఆ జీపుకి చిన్న గేరు వేస్తే నాలుగు చక్రాలూ పట్టుకునే ఉంటాయి. ఎండిన తారు మీద అలాగే మలుపులు తిప్పితే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒక్కలా తిరగలేవు, లోపల గేర్లు బిగుసుకుంటాయి. ఇప్పుడు గుమ్మా రోడ్డు చాలా వరకు తారే. అదీకాక అప్పటి జనరేటర్ ఇప్పటిదాంట్లో సగం ఉండేదేమో. టన్ను మోసే బండి ఇప్పటి ట్రాలీని పల్లంలో ఆపగలదా? కొక్కెం మీద పడే బరువు కూడా మోసే బరువు కిందికే వస్తుంది కదా.

కుర్రాళ్ళ సంగతి ఒకటుంది. ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు, షోరూం అబ్బాయి నోట ఎలాగూ రాదు. సామాను మీద కూర్చుని వస్తారు వాళ్ళు. డిసెంబరు చలిలో, అర్ధరాత్రి సెరంగో నుంచి, పరుపుల మూటల మీద. చట్టం ఒప్పుకోదు, ఇన్నాళ్ళూ నేనూ చూస్తూ ఊరుకున్నాను. డబుల్ క్యాబిన్‌లో డ్రైవర్ పక్కన ఒకరు, వెనక ముగ్గురు లోపల కూర్చుంటారు. ఈ లెక్క మాత్రం రేపు ముందుగా చెప్తాను, మిగతావన్నీ తర్వాత.

మర్చిపోయాను, ఇవాళ ఆ సవర పెద్దాయన కొడుకు వచ్చాడు. సంచెడు కొత్త చోళ్ళు (రాగులు) ఇచ్చి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అత్తమ్మ అప్పుడే చాటలో పోసి చెరిగింది. రేపు అంబలి.

ఇంత మాట్లాడుకున్నాం గానీ మా ట్రాలీ బరువెంతో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. "ఎంతైనా" అన్నవాడి మీద ఇంత కోపం వచ్చింది, "ఇంత" అని చెప్పడానికి నా దగ్గరా అంకె లేదు. రేపు కుర్చీలు దించి బండి ఖాళీగా వస్తుంది. ట్రాలీ తగిలించుకుని కాటా దగ్గరికి నేనూ వెళ్తాను. ముందు ట్రాలీ ఒక్కదాన్నే విప్పి తూకం వేయించాలి. తర్వాత బండికి తగిలించి, ట్రాలీ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలబెట్టి ఇంకోసారి. రెండింటికీ తేడా ఎంతో అదే కొక్కెం మీద పడే బరువు. జనరేటర్ ఎంత ముందుకి జరపాలో కూడా అక్కడే తేలుతుంది. ఆ చీటీ పట్టుకుని మళ్ళీ షోరూంకి వెళ్తాను.

కాటాకి చిల్లర తీసి ఖాతా పుస్తకంలో పెట్టాను. పావు తక్కువ ఒంటిగంట. ఐదింటికి లేవాలి.