హెల్ క్రీక్ ఒడ్డున పాయలాకు

అమెరికాలోని ఒమాహాలో దిగి నాలుగు రోజులైంది. నిద్ర ఇంకా కడప టైమే పాటిస్తోంది. మధ్యాహ్నం కునికిపాట్లు పడుతుంటే మనవరాలు వచ్చి, "అమ్మమ్మా, సాయంత్రం నాతో తోటపనికి వస్తావా?" అని అడిగింది. దానికి పదిహేనేళ్లు. ఈ సెలవుల్లో వాలంటీరుగా ఇన్ని గంటలు పనిచేయాలని ఉందట. ఎవరి తోట అని అడిగాను. "మసీదు, చర్చి, సినగాగ్, ముగ్గురిదీ" అని చెప్పి బూట్లు వెతుక్కోవడానికి వెళ్లిపోయింది. సినగాగ్ అంటే యూదుల ప్రార్థనా మందిరం. కూరలకు సంతకు పోదాం అన్నంత మామూలుగా అది ఆ మాట అనేసింది. నాకు మాత్రం కునుకు ఎగిరిపోయింది.

నెబ్రాస్కా రాష్ట్రంలో మిస్సోరి నది పక్కన ఉంటుంది ఒమాహా. ఊరు దాటితే కనుచూపు మేర మొక్కజొన్న చేలు. కోటీశ్వరుడు వారెన్ బఫెట్ ఉండేది ఈ ఊళ్లోనే అని అల్లుడు వచ్చిన రోజే చెప్పాడు. ఇంటి నుంచి పావుగంటలో పడమటి వైపున్న ఆ ఆవరణకు చేరాం. ముప్పై అయిదు ఎకరాలకు పైనే ఉంటుంది. పచ్చిక మధ్య విడివిడిగా మూడు మందిరాలు, వాటితో పాటు అందరూ కలుసుకోవడానికి ఒక భవనం. దేని ఆకారం దానిదే, దేని వాకిలి దానిదే. మూడు మతాల పటాలూ పక్కపక్కన పెట్టిన ఒకే హాలు ఉంటుందేమో అనుకుంటూ వచ్చాను. అలాంటిదేమీ లేదు. ఎవరి దేవుణ్ణి వాళ్లు తమ పద్ధతిలోనే కొలుచుకుంటున్నారు. నాకు అదే నచ్చింది.

ఆ నేల కథ నాకు చెప్పింది చర్చికి వచ్చే ఒక పెద్దావిడ. నాలాగే బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నాకు అర్థం కాని చోట మనవరాలు తెలుగులో చెప్పింది. ఒకప్పుడు ఇది గోల్ఫ్ మైదానమట. ఊళ్లోని పెద్ద క్లబ్బులు యూదులను చేర్చుకోని రోజుల్లో, 1924లో, యూదులే హైలాండ్ అని సొంత క్లబ్బు పెట్టుకున్నారు. ఆ వివక్షకు నిరసనగా బఫెట్ యూదుడు కాకపోయినా ఆ క్లబ్బులో చేరాడు. అప్పట్లో ఎవరూ రానివ్వకపోతే యూదులు సొంతంగా చేసుకున్న చోటు అది. ఇప్పుడు అక్కడే వాళ్లు మరో ఇద్దరిని పొరుగున పెట్టుకుని ఉంటున్నారు. ఆవిడ ఇది చెబుతూ చేతిలోని కత్తెర పక్కన పెట్టి కాసేపు ఊరుకుంది. నాకూ గొంతు పట్టేసింది.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఊళ్లోని ముస్లింలు బిక్కుబిక్కుమంటున్నప్పుడు, టెంపుల్ ఇజ్రాయెల్ అనే సినగాగ్‌కు గురువైన రబ్బీ అర్యే అజ్రియెల్ తన వాళ్లను వెంటబెట్టుకుని మసీదుకు వెళ్లి అండగా నిలబడ్డారు. 1871 నాటి ఆ సినగాగ్ సమాజానికి తర్వాత కొత్త చోటు కావలసి వచ్చింది. ఎక్కడ కట్టుకోవాలనే ప్రశ్నతో పాటు పక్కన ఎవరుంటే బాగుంటుందనే ప్రశ్న కూడా వాళ్లకు వచ్చింది. గుండె డాక్టరు సయ్యద్ మొహియుద్దీన్ ముందుండి నడిపించిన ముస్లిం సంస్థ కలిసింది. 2006లో ట్రై ఫెయిత్ (మూడు మతాల) ఇనిషియేటివ్ అనే సంస్థ ఏర్పడింది. మొదట క్రైస్తవుల తరఫున ఎపిస్కోపల్ డయోసిస్, అంటే ఆ చర్చి శాఖకు చెందిన ప్రాంతీయ విభాగం, ఉండేది. తర్వాత అది పక్కకు తప్పుకుంది. 2015లో కంట్రీసైడ్ కమ్యూనిటీ చర్చి సభ్యులు ఓటు వేసి, ఉన్న చోటు వదిలి ఇక్కడికి రావాలని నిర్ణయించుకున్నారు. పెళ్లిళ్లూ బాప్టిజాలూ జరిగిన పాత చర్చిని వదులుకుని రావడం ఎంత కష్టమో సొంత ఇల్లు అమ్ముకున్న వాళ్లకు తెలుస్తుంది. సినగాగ్ 2013లో, మసీదు 2017లో, చర్చి 2019లో తెరుచుకున్నాయి. మొదటి మాట నుంచి మూడో తలుపు దాకా పదమూడేళ్లు పట్టింది.

మధ్యలో ఒక వాగు ఉంది. పేరు హెల్ క్రీక్, అంటే నరకపు వాగు. ఈ పేరు వీళ్లు పెట్టింది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. నాకు వైతరణి గుర్తొచ్చింది. ఆ వాగు మీద గుండ్రంగా ఒక వంతెన కట్టి మూడు మందిరాలనూ కలిపారు. యూదులు, క్రైస్తవులు, ముస్లింలు ముగ్గురూ తమకు పెద్దగా చెప్పుకునే అబ్రహాం పేరే దానికి పెట్టుకున్నారు. వైతరణి దాటాలంటే ఆవు తోక పట్టుకోవాలని మా నాయనమ్మ చెప్పేదని మనవరాలితో అంటే, "ఇక్కడ నడిస్తే చాలు అమ్మమ్మా" అంది.

ఇక తోట. నేను బాగా చెప్పగలిగింది దీని గురించే.

టమాటాలు, దోసకాయలు, మిరప, బీన్సు, బీరకాయలా కనిపించే జుకినీ. ఒక పక్కన పండ్ల చెట్లు. పండిన పంట ఫుడ్ పాంట్రీలకు పోతుంది. జీతం చాలని ఇళ్లవాళ్లు వచ్చి సరుకులు ఉచితంగా తీసుకెళ్లే చోటును పాంట్రీ అంటారు. డబ్బాల సరుకు అక్కడ ఎప్పుడూ దొరుకుతుందట. తాజా కూరగాయలే కరువట. అందుకే పిల్లలు కోసిన దోసకాయలను తడిగుడ్డతో తుడిచి, వంకర పోయినవి వేరు చేసి, తూకం వేసి పుస్తకంలో రాస్తున్నారు. సినగాగ్ నుంచి వచ్చిన ఒక పొడుగు అబ్బాయి తూకం చదువుతుంటే హిజాబ్ కట్టుకున్న అమ్మాయి రాస్తోంది. ఆరు పౌండ్లా తొమ్మిదా అని ఇద్దరికీ వాదన. దేవుడి ఊసు ఎక్కడా లేదు. నేను విన్నవన్నీ లెక్కల టీచరు గురించి, డ్రైవింగ్ టెస్టు టెన్షన్ గురించి. పదిహేనేళ్ల పిల్లలను వృత్తంగా కూర్చోబెట్టి "మీ మతం గురించి చెప్పండి" అంటే నోరు పెగలదు. ముప్పై ఏళ్లు బడిలో ఉన్నదాన్ని, ఆ సంగతి నాకు తెలుసు. చేతికి మట్టి అంటితే మాటలు వాటంతట అవే వస్తాయి.

నన్ను కలుపు తీయమన్నారు. టమాటా మడిలో కూర్చుని చూద్దును కదా, నేల మీద ఎర్రని కాడలతో, దళసరి చిన్న ఆకులతో పరుచుకుని ఉంది పాయలాకు! తెలంగాణ వైపు గంగవాయిలు కూర అంటారు. పిల్లలు దాన్ని కలుపని పీకి బుట్టలో పడేస్తున్నారు. ప్రాణం చివుక్కుమంది. "ఇది కూర, పప్పులో వేసుకుంటాం" అని చెప్పబోతే ఇంగ్లీషు మాట అందలేదు. మనవరాలు చెప్పింది. వాళ్లు నమ్మనట్టే చూశారు.

పక్క మడిలో మసీదు నుంచి వచ్చిన ఒకావిడ లేచి నిలబడి, నా చేతిలో రెమ్మ చూసి, "బఖ్లే!" అంది. ఆవిడది సిరియా. వాళ్ల ఊళ్లో దాన్ని పచ్చిగానే సలాడ్‌లో వేసి, నిమ్మరసం పిండి తింటారట. అంతే, ఇద్దరం ఆ బుట్ట ముందేసుకుని కూర్చున్నాం. ఆవిడకు తెలుగు రాదు, నాకు అరబ్బీ రాదు, ఇద్దరి ఇంగ్లీషూ అంతంత మాత్రమే. వేరు తెంపి, ముదురు కాడ తీసేసి, లేత ఆకు గిల్లే పద్ధతి మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఎనిమిదిన్నర దాటి పొద్దు వాలుతుండగా ఆవిడ ఫోన్ చూసుకుని, చేతులు కడుక్కుని, నమాజుకని వంతెన మీదుగా వెళ్లింది. తిరిగి వచ్చి తన బుట్ట పూర్తి చేసుకుంది. ఆవిడ లేనంతసేపూ ఆ మడిని చర్చి టీచరమ్మ చూసుకుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

నేను కడప మనిషిని. ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వర స్వామి గుడికి ముస్లిం కుటుంబాలు టెంకాయలతో రావడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు కాబట్టి స్వామి వాళ్లకు అల్లుడు. అమీన్ పీర్ దర్గాకు మేమూ వెళ్తాం. కాబట్టి మతాలు కలిసి ఉండటం నాకు ఒమాహా నేర్పవలసిన విషయం కాదు. కానీ ఒకటి అనిపించింది. మనకు ఆ చుట్టరికం పండుగ నాడు వస్తుంది, పండుగతో పోతుంది. ఆ క్యూలో నా పక్కన నిలబడ్డ ఆడమనిషి పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో, ఫీజు కట్టగలిగిందో లేదో నేను ఎన్నడూ అడగలేదు. ఇక్కడ వీళ్లకు వెయ్యేళ్ల చుట్టరికం లేదు, పాటలూ లేవు. ప్రతి వారం చేయవలసిన పని ఉంది. వీళ్ల దగ్గర డబ్బూ స్థలమూ ఉన్నాయి నిజమే. కలుపు తీయడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు.

ఇంటికి వస్తూ కారులో మనవరాలు అడిగింది: "మన గుడి పిల్లలు ఎందుకు రారు అమ్మమ్మా?" ఒమాహాలో హిందూ దేవాలయం ఉంది. ఆదివారం అక్కడ తెలుగు వాళ్లు చాలామంది కనబడతారు. మా అమ్మాయి ఏదో చెప్పబోయి ఆగింది. నేను, "ఎవరైనా పిలిచారా?" అన్నాను. "పిలవాలా?" అంది అది.

తర్వాతి బుధవారం గుడిలో పరిచయమైన ఇద్దరు పిల్లలు మా కారులో వచ్చారు. ఆపై వారం నలుగురు. వాళ్లలో ఒకడు వరంగల్ వాళ్ల పిల్లవాడు. పాయలాకు చూడగానే "మా నానమ్మ ఫోటో పంపింది ఇదే" అని అరిచాడు.

సెప్టెంబరులో నేను తిరిగి వచ్చేశాను. పది రోజుల తర్వాత మనవరాలి మెసేజ్ వచ్చింది. పాంట్రీకి వచ్చిన ఎవరో ఆ ఆకు ఉందా అని అడిగారట. ఇప్పుడు కోతలో దాన్ని విడిగా సంచుల్లో కడుతున్నారు. తూకం పుస్తకంలో ఏ పేరు రాయాలో తేలక ఆ పొడుగు అబ్బాయి రెండూ రాశాడు. ఫోటో కూడా పంపింది. బఖ్లే అని, దాని పక్కన వంకర ఇంగ్లీషు అక్షరాల్లో పాయలాకు అని. నాలుగు పౌండ్లు.